అటక మీది డబ్బాలు దించాక

స్కేల్ మోడళ్లు మానేశామని చెప్పేవాళ్లు కట్టడమే మానేస్తారు, కొనడం మానరు. ఇంటర్లో ఉండగా దుబాయ్ మేనమామ తెచ్చిన స్పిట్‌ఫైర్‌తో మొదలై, ఉద్యోగం వచ్చాక ఎయిర్‌బ్రష్ దాకా పాకి, పెళ్లి, హైదరాబాదు అద్దెకొంపలు, పిల్లల ఫీజుల మధ్య ఎక్కడో ఆగిపోయిన వ్యవహారం ఇది. ఆగిన ఆ పదీ పదిహేనేళ్లలోనూ ఆఫర్ కనపడినప్పుడల్లా ఒక కిట్ ఆర్డరు పెడుతూనే వచ్చారు. ఇప్పుడు విజయవాడ తిరిగొచ్చారు. పటమటలోనో గొల్లపూడిలోనో ఫ్లాటు కొన్నారు. పిల్లలు తమ గది తలుపు తామే వేసుకునే వయసుకొచ్చారు. అటక మీది డబ్బాలు మాత్రం సీలు కూడా విప్పకుండా ఉన్నాయి. ఈ అధ్యాయం అలాంటివాళ్ల కోసం.

ఇలా తిరిగొచ్చినవాళ్లలో చాలామంది మొదటి నెలలోనే మళ్లీ పోతారు. తీరు ఎప్పుడూ ఒకటే. ఇన్నేళ్లూ దాచుకున్న కిట్లలో అన్నిటికన్నా మంచిది ముందుగా దించుతారు. వారం పది రోజులు ఒళ్లు దగ్గర పెట్టుకుని అతుకుతారు. ఒక ఆదివారం మధ్యాహ్నం కంప్రెసర్ ఆన్ చేసి రంగు కొడతారు. రెక్క మీద ఇసుక చల్లినట్టు గరుకు తేలుతుంది, లేదా నల్లరంగు తెల్లగా పాలిపోతుంది, లేదా నాజిల్ తుప్పర్లు ఉమ్ముతుంది. "చెయ్యి పోయిందిరా" అనుకుని డబ్బా మూసేస్తారు. ఈసారి ఆ డబ్బా అటక మీదికి కూడా ఎక్కదు, నేరుగా అమ్మకానికి పోతుంది.

చెయ్యి మీద వేసిన ఆ నింద చాలాసార్లు అబద్ధం. జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే చేసుకున్న ప్రయోగాలను 1885లో పుస్తకంగా తెచ్చాడు. అర్థం లేని అక్షరాల జాబితాలు బట్టీ పట్టడం, కొన్నాళ్లు వదిలేయడం, మళ్లీ పట్టడం, ఇదీ ఆయన పని. పూర్తిగా మరిచిపోయాననుకున్న జాబితా కూడా రెండోసారి పట్టేటప్పుడు మొదటిసారికన్నా తక్కువ సమయం తీసుకుందని ఆయన కొలిచి చూపించాడు. నోటికి రానిది కూడా లోపల ఎక్కడో కొంత మిగిలే ఉంటుందన్నమాట. చేతిపనిలో ఈ మిగులు ఇంకా ఎక్కువ. ట్రిగ్గర్ మీద చూపుడువేలు పెట్టిన కాసేపటికే నొక్కడం, వెనక్కి లాగడం గుర్తుకొస్తాయి.

మారిపోయింది కన్ను. మీరు కట్టని ఏళ్లలో మీ కన్ను ఖాళీగా లేదు. రాత్రి పడుకునే ముందు జపాన్‌లోనో పోలండ్‌లోనో ఎవరో టైగర్ ట్యాంకుకు తుప్పు మరకలు దిద్దే వీడియోలు చూస్తూనే ఉంది. మీ చేయి ఇంటర్ దగ్గర ఆగిపోతే మీ కన్ను పీజీ చదివేసింది. అందుకే పాతరోజుల్లో మీరు మురిసిపోయి అద్దాల బీరువాలో పెట్టుకునే పనితనమే ఇవాళ మీకు నాసిగా కనిపిస్తుంది. దానికి తోడు నలభై దాటాక చత్వారం. 1/72 పైలట్ ముఖం అలికేసినట్టు కనిపిస్తే అది వేళ్ల వణుకు కాకపోవచ్చు, దగ్గరి చూపు తగ్గడం కావచ్చు. కళ్లద్దాల డాక్టరు దగ్గరికి ఒకసారి వెళ్లి, తలకు తగిలించుకునే భూతద్దం ఒకటి కొనుక్కుంటే సగం దిగులు అక్కడే తీరుతుంది.

కాబట్టి రంగు చెడినప్పుడు అనుమానితులు ముగ్గురు: సూది, గాలి, చేయి. ఈ వరుసలోనే విచారించండి. మొదటి ఇద్దరినీ వదిలేసి మూడోవాడికి శిక్ష వేయడం వల్లే మోడలింగ్ మూలపడుతోంది.

సూది సంగతి

ఏళ్ల తరబడి మూలపడిన ఎయిర్‌బ్రష్‌ను నేరుగా వాడకండి. ముందు విప్పండి. వెనక పిడి తీసి, సూదిని బిగించిన నట్టు వదులు చేసి, సూదిని మెల్లగా వెనక్కి లాగండి. రాకపోతే పట్టకారు పెట్టి పీకొద్దు. పాత రంగు లోపల గట్టిపడి సూదిని పట్టుకుంది. కప్పులో కొంచెం లక్కర్ టిన్నర్ పోసి రాత్రంతా వదిలేస్తే మర్నాటికి మెత్తబడుతుంది. మొత్తం ఎయిర్‌బ్రష్‌ను మాత్రం టిన్నర్‌లో ముంచకండి. లోపల ఉండే చిన్న రబ్బరు వాషర్లు ఉబ్బి పాడవుతాయి. టెఫ్లాన్ వాషర్లయితే తట్టుకుంటాయి గానీ మీ దాంట్లో ఏవున్నాయో పాత మోడళ్లలో చెప్పడం కష్టం.

సూది మొనను బొటనవేలి గోరు మీద తేలిగ్గా తిప్పుతూ గీయండి. గోరు మీద గీత పడితే మొన వంగినట్టే. వంగిన మొన రంగును ఒక పక్కకు తోస్తుంది, ఉమ్ముతుంది. చిన్న వంపయితే నున్నటి వాటర్ పేపర్ మీద తిప్పుతూ సరిచేయొచ్చు. కొక్కెంలా వంగితే కొత్తది కొనడమే. నాజిల్ గింజంత ఉంటుంది, దాని మర ఇంకా సన్నం. కంపెనీ ఇచ్చిన చిన్న రెంచితో వేళ్ల బలం మాత్రమే పెట్టి బిగించాలి. మర తెగి ముక్క లోపల ఉండిపోతే ఎయిర్‌బ్రష్ మొత్తానికీ గండమే. బిగించాక కప్పులో నీళ్లు పోసి గాలి వదలండి. కప్పులో బుడగలు వస్తే నాజిల్ సరిగా కూర్చోలేదు, లేదా పగిలింది. బుడగలు లేకుండా సన్నటి ఆవిరిలా నీళ్లు వస్తే సూదిని నిర్దోషిగా వదిలేయొచ్చు.

పాత సీసాలకు ఎక్కువ సమయం ఇవ్వకండి. అడుగున పేరుకున్న ఎనామెల్, లక్కర్ రంగులు వాటి టిన్నర్ పోసి బాగా కలిపితే చాలావరకు బతుకుతాయి. జిగురులా ముద్దకట్టిన అక్రిలిక్ బతకదు. జల్లెడ పట్టి వాడదామనుకుంటే నాజిల్ మూసుకుపోతుంది, అంతే.

ఒక్క మాట వరద గురించి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు ఇళ్లలో కింది అంతస్తుల సామానంతా బురదలో నానింది. మీ డబ్బాలు కూడా అలా తడిసి ఉంటే ప్లాస్టిక్ ముక్కలకు ఏమీ కాదు. గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో కడిగి నీడన ఆరబెట్టుకోండి. డెకాల్ కాగితం మీద ఆశ వదులుకోండి. మునిగిన కంప్రెసర్‌ను మాత్రం ఎండబెట్టేశాం కదా అని ప్లగ్గులో పెట్టకండి. మోటారు వైండింగ్ చేసేవాళ్లకు చూపించాకే.

గాలి సంగతి

ఎయిర్‌బ్రష్ మీద వచ్చే పుస్తకాలూ వీడియోలూ ఎక్కువగా చలిదేశాలవి. వాళ్ల ఇబ్బంది చలి, మన ఇబ్బంది చెమ్మ. డెల్టాలో ఉండేవాడు ఆ పాఠాలను ఉన్నదున్నట్టు పాటిస్తే ఏడాదిలో ఎనిమిది నెలలు దెబ్బతింటాడు. కొంచెం లెక్క చూద్దాం, భయపడక్కర్లేదు.

30 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి మహా అయితే 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. ఆగస్టులో తేమ 80 శాతం ఉన్న రోజున అందులో 24 గ్రాములు ఉంటాయి. మీ కంప్రెసర్ ఆ గాలిని 4 బార్ దాకా నొక్కి ట్యాంకులో కుక్కుతుంది. బయటి వాతావరణ పీడనం కూడా కలుపుకుంటే గాలి అయిదో వంతు చోటుకు కుదించుకుపోయింది. ఆ చోటు మోయగలిగింది 6 గ్రాములే. మిగతా 18 గ్రాములు గాలి చల్లబడగానే నీళ్లయి దిగుతాయి. నిమిషానికి 20 లీటర్లు పీల్చే చిన్న కంప్రెసర్ ఒక ఘనపు మీటరు గాలి పీల్చడానికి 50 నిమిషాలు చాలు. అంటే గంటలోపే మూడు నాలుగు చెంచాల నీళ్లు. కొంత ట్యాంకు అడుగున చేరుతుంది, కొంత గొట్టంలో, కొంత నేరుగా మీ విమానం రెక్క మీద పడుతుంది. తుప్పర్లకు సగం కారణం ఇదే.

ట్యాంకు కింద ఒక మర ఉంటుంది. కొన్న రోజు నుంచి దాన్ని తిప్పనివాళ్లు ఎందరో! పని అయ్యాక ప్రతిసారీ గాలి కొంచెం మిగిలి ఉండగానే ఆ మర తిప్పండి. పాత కంప్రెసర్ అయితే ఎర్రటి తుప్పు నీళ్లు వస్తాయి. తుప్పు బాగా తినేసిన ట్యాంకును పీడనం ఎక్కించి వాడడం ప్రమాదం, మార్చేయండి. రెగ్యులేటర్ దగ్గర నీళ్లు పట్టే బుడ్డి ఒక్కటే చాలదు. ఎయిర్‌బ్రష్‌కు దగ్గరగా గొట్టం చివర ఇంకో చిన్న నీటి వడపోత తగిలించుకోండి. గాలి గొట్టంలో ప్రయాణిస్తూ చల్లబడుతుంది కాబట్టి నీళ్లు దిగేది అక్కడే.

రెండో ఇబ్బంది రంగు పాలిపోవడం. లక్కర్ టిన్నర్ చాలా వేగంగా ఆవిరవుతుంది. ఆవిరయ్యేది ఏదైనా తాను విడిచిపోయే చోటును చల్లబరుస్తుంది. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గదిలో మంచు పట్టే ఉష్ణోగ్రత 26 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంటే తడి రంగు పొర నాలుగు డిగ్రీలు చల్లబడితే చాలు, గదిలోని చెమ్మ దాని మీద మంచులా కూర్చుంటుంది. నల్లరంగు బూడిద రంగులోకి తిరుగుతుంది. ఇందులో మీ చెయ్యి చేసిన పాపం ఏమీ లేదు.

ఈ సంగతి విజయవాడకు కొత్త కాదు. జవహర్ ఆటోనగర్‌లో లారీ క్యాబిన్లకూ కారు డోర్లకూ గన్ను కొట్టే పెయింటర్లకు ఇది రోజువారీ లెక్క. ముసురు పట్టిన రోజున మంచి పెయింటర్ రంగు పని పక్కన పెట్టి లప్పం, వాటర్ పేపర్ పనులు చూసుకుంటాడు. తప్పనిసరైతే నెమ్మదిగా ఆరే టిన్నర్ కలుపుతాడు. మోడలర్లు సముద్రాల అవతల నుంచి తెప్పించుకునే జ్ఞానం మూడు కిలోమీటర్ల దూరంలో ఉంది. వెళ్లి అడగడానికి మొహమాటం, అంతే. అక్కడి రంగుల కొట్లో సంభాషణ సాధారణంగా ఇలా ఉంటుంది:

"ఎన్‌సీ టిన్నర్ అర లీటరు ఇవ్వండి."

"ఏ బండికండీ?"

"బండికి కాదండీ, బొమ్మకి."

"బొమ్మకా!" అని ఒకసారి ఎగాదిగా చూసి, "వానలు కదండీ, మామూలుది తీసుకెళ్తే తెల్లగా పొగబారుద్ది. స్లో ఆరేది తీసుకెళ్లండి" అంటాడు.

ఆ సలహా ఉచితం. ఒక హెచ్చరిక మాత్రం నేను చెప్పాలి. ఆటోనగర్ ఎన్‌సీ టిన్నర్ ఇనుప రేకు కోసం తయారైంది. మన కిట్లు పాలీస్టైరీన్. తడితడిగా పడితే టిన్నర్ ప్లాస్టిక్‌ను కరిగించి గీతల వివరాలన్నీ తినేస్తుంది. ఎయిర్‌బ్రష్ కడగడానికి అది భేషైన సరుకు. మోడల్ మీద కొట్టడానికి మోడల్ రంగుల కంపెనీ లక్కర్ టిన్నర్, దాంతో పాటు ఆరడాన్ని నెమ్మదింపజేసే అదే కంపెనీ రిటార్డర్ వాడండి.

ఇక ఏ కాలానికి ఏ రంగు అన్నది. నా లెక్క ఇది, ఎవరైనా కాదంటే వాదనకు సిద్ధం. కాలవలకు నీళ్లు వదిలి, ఉయ్యూరు నుంచి అవనిగడ్డ దాకా నాట్ల చేలన్నీ నీటి పలకలైనప్పటి నుంచి అక్టోబరు దాకా నీటి ఆధారిత అక్రిలిక్ వాడండి. అది నిదానంగా ఆరుతుంది, అయినా పాలిపోదు. ఒక పూటకు బదులు ఒక రోజు ఆరనివ్వండి. రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండలో అదే అక్రిలిక్ నాజిల్ కొసన గడ్డకట్టి దారి మూసేస్తుంది, మిగిలింది గాల్లోనే ఎండి రెక్క మీద పిండిలా రాలుతుంది. మొదట చెప్పిన ఇసుక గరుకు అదే. 45 డిగ్రీలు తాకే ఊళ్లో మధ్యాహ్నం పూట ఎయిర్‌బ్రష్ పట్టడమే తప్పు. వేసవిలో తెల్లవారుజామునే కూర్చోండి, రిటార్డర్ కలిపిన లక్కర్ వాడండి, పీడనం తగ్గించి ఎయిర్‌బ్రష్‌ను దగ్గరగా పట్టుకోండి. బందరులో ఉండేవాళ్లకు వేసవిలోనూ సముద్రపు గాలి చెమ్మ తప్పదు, వాళ్లు రెండు జాగ్రత్తలూ కలిపి తీసుకోవాలి. కార్తీకం వెళ్లి తుపాన్ల భయం తీరాక శివరాత్రి దాకా మన పండగ సీజన్. అప్పుడు ఏ రంగైనా మాట వింటుంది. పొద్దున్నే పొగమంచు కమ్మే కృష్ణ ఒడ్డు ఇళ్లలో మాత్రం ఎండ ఎక్కేదాకా ఆగాలి.

ఊహలతో పని లేకుండా తేమ చూపించే చిన్న డిజిటల్ మీటరు ఒకటి బల్ల మీద పెట్టుకోండి. కొన్ని వందల రూపాయల వస్తువు. 70 దాటితే లక్కర్ సీసా మూత తీయకండి. ఏసీ వేస్తే గది పొడిబారుతుంది, నిజమే. కానీ మూసిన గదిలో టిన్నర్ ఆవిరి కొట్టడం ఆరోగ్యానికి చేటు. కిటికీ దగ్గర గాలి బయటికి తోలే ఫ్యాన్ పెట్టి అక్కడ కొట్టండి, ఆరబెట్టడానికి మోడల్‌ను ఏసీ గదిలోకి మార్చండి. కరోనా రోజుల్లో మిగిలిన మాస్కు పొడిని ఆపుతుంది, ఆవిరిని ఆపదు. ఆర్గానిక్ ఆవిరికి పనికొచ్చే కార్ట్రిడ్జి మాస్కు కొనండి. లక్కర్ కొడుతున్నంతసేపూ పక్కన స్టవ్వు, అగరొత్తులు, దేవుడి గదిలో దీపం వెలుగుతుండకూడదు. రెండు పడకల ఫ్లాట్లలో దేవుడి అర వంటింటి గోడలోనే ఉంటుంది కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నా.

ఇప్పుడు చేయి

సూది శుభ్రం, గాలి పొడి. ఇప్పుడు చేతిని పరీక్షించొచ్చు. దాచుకున్న కిట్ మీద మాత్రం వద్దు. ఒకప్పుడు ఇందుకు కర్రీ పాయింట్ ప్లాస్టిక్ చెంచాలు వాడేవాళ్లం. 2022 జులై 1 నుంచి అవి నిషేధం, చెక్క చెంచాలొచ్చాయి. వాటికన్నా మంచి సరుకు మీ ఇంట్లోనే ఉంది: పాత సినిమా పాటల సీడీల గట్టి పెట్టెలు. అవి పాలీస్టైరీనే. మీ కిట్ ప్లాస్టిక్ ఏదో ఆ పెట్టె ప్లాస్టిక్కూ అదే. ఏ టిన్నర్ కరిగిస్తుందో, ఏ ప్రైమర్ పట్టుకుంటుందో అక్కడే తేలిపోతుంది. ఒక పక్క కొట్టి చూడండి, గోకి చూడండి, పాడైతే ఇంకో పెట్టె.

రంగు పలచన పల్చటి మజ్జిగలా ఉండాలి. కప్పు గోడకు పూస్తే కిందికి జారుతూ వెనక పల్చటి పొర మిగలాలి. పీడనం 15 నుంచి 20 పీఎస్ఐ మధ్య పెట్టి మొదలుపెట్టండి. ముందు గాలి, తర్వాత రంగు. ఆపేటప్పుడు ముందు రంగు, తర్వాత గాలి. ఈ క్రమం తప్పితే ప్రతి గీత మొదట్లోనూ చివర్లోనూ బొట్టు పడుతుంది. సీడీ పెట్టె మీద చుక్కలు, చుక్కలు కలిపే గీతలు, ఒక చదరం నిండా ముదురు నుంచి లేతకు పోయే రంగు కొట్టండి. ఇవి పిల్లల ఆటల్లా కనిపిస్తాయి. వీటిలో మీ కన్ను తప్పు పట్టడానికి ఏమీ ఉండదు, ఆ వెసులుబాటు కోసమే ఈ సాధన. పోల్చుకోవడానికి పోలండ్ వాడి చుక్క ఒకటి మీ ముందు ఉండదు కదా.

ప్రతి సీడీ పెట్టె వెనక మార్కరుతో తేదీ, తేమ, వేడి, రంగుకు టిన్నర్ పాలు, పీడనం రాసిపెట్టండి. గరుకు వచ్చిన రోజున పెట్టె తిప్పి చూస్తే దోషి ఎవరో కనిపిస్తాడు. తేమ 60 దగ్గర, వేడి 30 దగ్గర, సూది శుభ్రంగా ఉన్న రోజున కూడా గీత వంకర పోతే అది నిజంగా చేతి పని. దానికి ఇంకో పెట్టె రాయడమే మందు. అలాంటి రోజులు మీరు అనుకున్నదానికన్నా తక్కువ ఉంటాయి.

కడగడం గురించి ఎవరూ చెప్పరు గానీ చాలామందిని మళ్లీ మాన్పించేది అదే. అరగంట రంగు కొడితే పావుగంట కడగాలి. రాత్రి పదింటికి మొదలుపెట్టి పదకొండింటికి నిద్ర ముంచుకొస్తుంటే ఎయిర్‌బ్రష్‌ను అలాగే వదిలేస్తారు, మర్నాటికి సూది బిగుసుకుపోతుంది, వారానికి విసుగు పుడుతుంది. కాబట్టి ఒక్క కూర్చోవడంలో ఒక్క రంగే. టిన్నర్ సీసా, బ్రష్షు, గుడ్డ ముందే పక్కన పెట్టుకోండి. కంప్రెసర్ మోత కూడా లెక్కలో ఉండాలి. "ఏమండీ, పిల్లాడికి రేపు పరీక్షండీ" అని ఇంట్లో అనకముందే పనిని ఉదయానికి మార్చుకోవడం ఉత్తమం. పక్క ఫ్లాటువాళ్లు కూడా మీలాంటివాళ్లే, పొద్దుటి నిద్ర వాళ్లకూ తీపి, అందుకని మరీ నాలుగింటికి వద్దు.

మొదటి మోడల్

ఇక్కడికి ఇరవై కిలోమీటర్ల దూరంలో కొండపల్లిలో తరతరాలుగా చేస్తున్న బొమ్మల పని ఒకసారి దగ్గర నుంచి చూసి రండి. తెల్ల పొణికి చెక్కను ముందు వేడి చేసి అందులోని తేమ పోగొడతారు. చెక్కిన భాగాలను చింతగింజల పిండితో చేసిన మక్కుతో అతికి సందులు పూడుస్తారు. ఆ పైన సున్నం పూత. అది ఆరాకే రంగులు. డెల్టా అంచున ఉండే పనివాళ్లు తేమ తీయడంతో మొదలుపెట్టడం యాదృచ్ఛికం కాదని నా అనుమానం. మక్కు మన పుట్టీ, సున్నం మన ప్రైమర్. రంగు కుంచె పట్టేసరికి వాళ్ల పనిలో ఎక్కువ భాగం అయిపోయి ఉంటుంది. తిరిగొచ్చిన మోడలర్ ఎయిర్‌బ్రష్ మీదే మోజుతో పుట్టీ, వాటర్ పేపర్ పనిని తొందరగా తేల్చేస్తాడు. ప్రైమర్ పడగానే అతుకుల గీతలన్నీ బయటపడి వెక్కిరిస్తాయి.

మొదట కట్టాల్సింది మీకు ప్రేమ లేని కిట్. 1965 యుద్ధంలో సేబర్లను కూల్చి పేరు తెచ్చుకున్న మన నాట్ విమానం చిన్నది, ముద్దుగా ఉంటుంది, ప్రతి వాయుసేన అభిమానికీ అదే ముందు కట్టాలనిపిస్తుంది. ఆగండి. దాని వెండి రంగు మీద వాటర్ పేపర్ గీత వెంట్రుకంత ఉన్నా కనిపిస్తుంది. చేయి తేరుకోకముందు వెండి రంగు జోలికి పోవద్దు. నా సలహా జలాంతర్గామి. కాక్‌పిట్ అద్దాలకు మాస్కింగ్ టేపు కోయక్కర్లేదు, డెకాల్స్ నాలుగైదు, రంగులు రెండో మూడో. నమూనా చూసుకోవడానికి విశాఖ బీచ్ రోడ్డులో ఐఎన్‌ఎస్ కురుసుర నిజంగానే నిలబడి ఉంది. 2001లో నౌకాదళం సేవ నుంచి తప్పుకుని 2002 నుంచి మ్యూజియంగా ఉన్న ఫాక్స్‌ట్రాట్ తరగతి జలాంతర్గామి అది. రంగు ఎక్కడ ముదురు, ఎక్కడ ఉప్పుగాలికి వెలిసింది, నీళ్లు కారిన చారలు ఏ వైపుకు పోతాయి అన్నవి వీడియోలకన్నా బాగా అక్కడ తెలుస్తాయి. రోడ్డుకు అవతల టీయూ-142 విమానం కూడా మ్యూజియమై ఉంది, అదీ చూడొచ్చు, కానీ కట్టడం తర్వాత.

ముక్కలను ఫ్రేము నుంచి కోయకముందే సబ్బునీళ్లలో కడగండి. అచ్చు నుంచి వచ్చిన నూనె ఒకటి, ఇన్నేళ్లు అటక మీద పట్టిన వంటింటి జిడ్డు ఒకటి. రెండూ ప్రైమర్‌ను నిలవనివ్వవు. ప్రైమర్ రెండు పల్చటి పొరలుగా, మధ్యలో పావుగంట విరామంతో. రంగు కూడా అంతే. ఒక్క పొరలో కప్పేయాలన్న తాపత్రయం వస్తే ట్రిగ్గర్ మీద నుంచి వేలు తీసేయండి.

పాత కిట్ డెకాల్స్ పసుపు తిరిగి ఉంటాయి. దీనికి మన ఎండే వైద్యం. జిప్ కవర్లో పెట్టి, ఎండ పడే కిటికీ అద్దానికి లోపలి నుంచి అంటించండి. వేసవిలో కొన్నాళ్లకే పసుపు బాగా వెలుస్తుంది. వాన కాలంలో పెడితే కవర్లోకి చెమ్మ చేరి జిగురు కదులుతుంది, అప్పుడు వద్దు. నీళ్లలో వేసే ముందు అక్కర్లేని ఒక ముక్కతో పరీక్షించండి. ముక్కలు ముక్కలుగా విడిపోతుంటే కాగితం మొత్తానికీ ఒక పొర రంగు లేని వార్నిష్ కొట్టి ఆరాక ఒక్కో గుర్తునూ అంచు వెంట కోసుకోండి. మన వాయుసేన వలయం అతికేటప్పుడు ఆకుపచ్చ నడిమిన, కాషాయం అంచున ఉండాలి. జెండాకు తొలి రూపు పింగళి వెంకయ్య 1921లో గాంధీజీ చేతికిచ్చింది ఈ బెజవాడలోనే. ఆ ఊళ్లో కూర్చుని రంగుల వరుస తప్పితే బాగుండదు.

డెకాల్స్ కింద మెరిసే వార్నిష్ ఉండాలి. గరుకు మీద అతికితే కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. పైన చివరి పొర మాత్రం మెరుపు లేని మ్యాట్ వార్నిష్. నెలల పని బూడిదయ్యేది సరిగ్గా ఇక్కడే. మ్యాట్ వార్నిష్‌లో మెరుపు చంపే పొడి అడుగున పేరుకుంటుంది. సరిగా కలపకపోతే మోడల్ అంతా తెల్లటి పొడి కమ్ముతుంది. చెమ్మ ఎక్కువున్నా అంతే. ఇలా జరిగితే గోకడం, రుద్దడం వద్దు. పొడి రోజు చూసి దాని మీద మెరిసే వార్నిష్ ఒక పొర కొట్టండి. చాలాసార్లు ఆ తెలుపు మాయమై కింది రంగు తేలుతుంది. పూర్తిగా ఆరాక, సీసా బాగా కలిపి, మళ్లీ మ్యాట్ వేయొచ్చు. సీడీ పెట్టె మీద ఒకసారి కొట్టి, అరగంట చూసి, ఆ తర్వాతే మోడల్ మీదికి వెళ్లండి. బంగాళాఖాతంలో అల్పపీడనం కబురు వచ్చిన వారంలో అయితే అసలు తొందరే వద్దు, మోడల్‌ను మెరుస్తూనే అద్దాల బీరువాలో ఉంచేయండి. డిసెంబరులో తీసి కొట్టుకోవచ్చు.